గణాచారము – మతావేశము

వీరశైవ ధర్మమునకు అష్టావరణములు అంగమనియు, పంచాచారములు ప్రాణమనియు, షట్‌స్థలములు ఆత్మయనియు పెద్దలు చెప్పుదురు. లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము అనునవి పంచాచారములు. వీనిలో మొదటి నాల్గింటి విషయమున సందేహము కలుగుట అరుదు. ఇష్టలింగమునే దైవముగ కొలుచుట, కాయకముచే ఆర్జించి దాసోహము జరుపుట, శివభక్తులలో కులభేదము చూడకుండుట, అందరికిని సేవకుడనను వినయముతో మెలగుట – ఇవి పిల్లలకు సైతము సులభముగ బోధపడును. అయిదవదియగు గణాచారము మాత్రము ఒరలోని కత్తివంటిది. దానిని పట్టుకొను విధము తెలియనిచో పట్టినవాని చేతినే కోయును.

గురులింగజంగమములను, శివభక్త సమూహమును ఎవరైన నిందించినపుడు, హింసించినపుడు సహింపక నిలుచుట గణాచారమని సామాన్యముగ చెప్పబడును. శ్రీ సిద్ధాంత శిఖామణియందు ఈ విషయమున మూడు మార్గములు కనబడును. శివనింద చేయువానిని చూచినపుడు హతమార్చుట, లేదా శపించుట, అంతటి శక్తి లేనిచో ఆ చోటు విడిచి పోవుట. ఈ మాట గ్రంథమునందున్నది. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు. మనము దాచిన మాటనే రేపు మరియొకడు వెలికి తీసి, తన కోపమునకు శాస్త్రప్రమాణముగ చూపును. కావున సమాజమునందలి పెద్దలును, మఠముల సాధకులును, యువజనులును ఒక్క ప్రశ్నను నిదానముగ విచారింపవలసి యున్నది. గణాచారము మతావేశమునకు అనుమతి పత్రమా? బసవేశ్వరుని ఆచరణము ఈ ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పుచున్నది?

శంషాబాదు పరిసరములు

ఈ ప్రశ్న పాత గ్రంథముల పుటలలో మాత్రమే నిలిచి యుండునది కాదు. హైదరాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు రహదారిపై నున్న శంషాబాదు ప్రాంతమును చూచినచో దాని అవసరము తెలియును. 2008 మార్చిలో అచ్చట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. నాటినుండి పల్లెలు కాలనీలైనవి. ఏ దేశమునకు పోవువారైనను, ఏ దేశమునుండి వచ్చువారైనను ఆ దారినే నడచుచున్నారు. విమానము కొరకు నిలుచు వరుసలో విభూతి రేఖల నుదురు, టోపీ ధరించిన తల, శిలువ వ్రేలాడు మెడ ఒకదాని వెనుక ఒకటి కనబడును. ఎవరి సంచిని తెరచినను కనబడునవి అమ్మ కట్టియిచ్చిన పచ్చడి, పిల్లల బట్టలు, దేవుని పటము.

ఆ చుట్టుప్రక్కల క్షేత్రములును అట్లే కలసి మెలసి యున్నవి. నర్కుడ సమీపమున అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము కలదు. ముచ్చింతలలో శ్రీ రామానుజాచార్యుల సహస్రాబ్ది సందర్భమున నెలకొల్పిన 216 అడుగుల సమతామూర్తి విగ్రహము 2022 ఫిబ్రవరి 5వ తేదీన ఆవిష్కరింపబడినది. అదే రహదారిపై మరికొంత దూరము పోయినచో కొత్తూరు మండలమున జహంగీర్ పీర్ దర్గా కలదు. అచ్చటికి ముస్లిములతో పాటు హిందువులును మ్రొక్కులు చెల్లించుటకు పోవుదురు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు పీరును ఎత్తుకొనువాడు హిందువైనను ఎవరును ఆశ్చర్యపడరు. శంషాబాదునకు వాయవ్యముగ, అదే రంగారెడ్డి జిల్లాలో, చిలుకూరు బాలాజీ ఆలయమున్నది. హుండీ లేని ఆ ఆలయమునకు విదేశయానము కోరువారు వేలకొలదిగ పోయి ప్రదక్షిణములు చేయుదురు. అందుచేతనే ఆ స్వామికి వీసా బాలాజీ యను పేరు వచ్చినది.

ఇంతటి కలయిక గల ప్రాంతమునందును మతావేశము తలయెత్తినది. అది ఎవరిమీదికి చేయెత్తినదో గమనింపవలెను.

చిలుకూరు సంఘటన

2025 ఫిబ్రవరి 7వ తేదీన చిలుకూరు ఆలయ ప్రధానార్చకులు శ్రీ సి. ఎస్. రంగరాజన్ గారి యింటికి కొందరు వచ్చిరి. రామరాజ్యము పేర తాము ఒక సేనను కూర్చుచున్నామనియు, దానికి ఆయన మద్దతు ఇయ్యవలెననియు, మనుష్యులను చేర్పింపవలెననియు కోరిరి. ఆయన అంగీకరింపలేదు. అంతట వారు ఆయనపై దాడి చేసిరి. పోలీసులు కేసు నమోదు చేసి, ఆ దళము నడుపువానిని, అతని అనుచరులను అరెస్టు చేసిరి.

దాడి చేసినవారు ఏ దేవుని పేరు చెప్పిరో, దెబ్బలు తిన్న అర్చకుడు ఆ దేవునికే నిత్యము పూజ చేయువాడు. మతావేశమునకు పరమతస్థుడు తప్పనిసరిగ కావలెనని అనేకులు భావింతురు. అది పొరపాటు. తన మాట విననివాడెవడైనను దానికి శత్రువే. మొదట అన్యమతస్థుని గుమ్మము తట్టును. పిదప స్వమతమునందలి సాధువు గుమ్మము తట్టును. కడపట తన యింటి తలుపే విరుగగొట్టును.

అదే అర్చకుడు 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడలోని రంగనాథస్వామి ఆలయమున ఒక దళిత భక్తుని తన భుజములపై నెక్కించుకొని గర్భాలయ సన్నిధికి కొనిపోయెను. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని మోసికొనిపోయిన కథను అనుసరించి ఆ సేవకు మునివాహన సేవయని పేరు. ఈ దృశ్యము వీరశైవులకు క్రొత్తది కాదు. అంత్యజుడగు శివనాగుమయ్య యింటికి బసవేశ్వరుడు పోయి ఆయనతో కలసి మెలగిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. జియాగూడలో వైష్ణవ అర్చకుడు చేసిన పనిని కల్యాణ శరణులు చూచియుండినచో తమవానినిగనే భావించి యుందురు. అట్టివానిపై చేయెత్తినవారు ఏ ధర్మమును రక్షించిరి?

నగరము చూచిన రక్తము

ఇది ఏకాకి సంఘటన కాదు. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో జరిగిన మతకలహములలో వందమందికి పైగా మరణించిరి. 2007 మే 18వ తేదీన, శుక్రవారపు నమాజు వేళ మక్కా మసీదులో బాంబు ప్రేలి ప్రార్థనకు వచ్చినవారు చనిపోయిరి. పిదప చెలరేగిన అలజడిలో పోలీసు కాల్పులకు మరికొందరు బలియైరి. అదే సంవత్సరము ఆగస్టు 25వ తేదీన లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ వద్దను జరిగిన ప్రేలుళ్ళు నలుబదిమందికి పైగా ప్రాణములు తీసినవి. 2013 ఫిబ్రవరి 21వ తేదీన దిల్‌సుఖ్‌నగరులో మరల అదే విధముగ జరిగినది. 2024 అక్టోబరులో సికిందరాబాదు కుమ్మరిగూడలో ముత్యాలమ్మ విగ్రహమును ఒకడు ధ్వంసము చేసెను; ఒక్కని దుశ్చర్యకు ఊరంతయు ఉద్రిక్తమై లాఠీచార్జి వరకు పోయినది.

ఈ జాబితాలో చేసినవారి మతములు వేరువేరు. చచ్చినవారి మతములును వేరువేరు. నమాజు చేయుచున్నవాడు, సాయంకాలము పిల్లలతో పార్కునకు పోయినవాడు, చాట్ తినుటకు ఆగినవాడు ఎవరి దైవమును నిందించిరి? కలహము ముగిసిన పిదప మృతుల లెక్కను మతముల వారీగ పంచుకొని, మావారు ఇందరు, మీవారు ఇందరు అని వాదించుట మరియొక హింస. శవము ముందు కూర్చున్న తల్లికి ఆ లెక్కతో పనిలేదు.

రెండు జతల కన్నులు

ముచ్చింతల విగ్రహమును చూడబోవు శైవులు ఒక చరిత్రమును స్మరింపవలెను. శైవాభిమానియగు ఒక చోళరాజు తమ గురువును నిర్బంధింపబోగా రామానుజులు శ్రీరంగము విడిచి మేలుకోటకు పోవలసి వచ్చినదని వైష్ణవ సంప్రదాయము చెప్పుచున్నది. గురువునకు బదులుగ రాజసభకు పోయిన కూరేశుడు, శివునికంటె పరదైవము లేడని వ్రాసి యిచ్చుటకు నిరాకరించి, కన్నులు కోల్పోయెనని ఆ సంప్రదాయము. వైష్ణవులు నేటికిని కూరేశుని తలచి కంటతడి పెట్టుదురు.

బసవపురాణమునను ఇట్టి కథయే కలదు. కల్యాణ ప్రభువగు బిజ్జలుడు ఇద్దరు శివభక్తుల కన్నులు పెరికించెనని సోమనాథుడు చెప్పెను. చెప్పులు కుట్టు హరళయ్య, బ్రాహ్మణుడగు మధువరసు తమ పిల్లలకు వివాహము జరిపినందుకు వారిని ఏనుగుకాలికి కట్టి యీడ్పించి చంపిరని తరువాతి పరంపర చెప్పుచున్నది. వీరశైవులు ఆ కథ విని కంటతడి పెట్టుదురు.

ఒక కథలో పీడించినవాడు శైవుడు. మరియొక కథలో పీడింపబడినవారు శైవులు. కొలది తరముల వ్యవధిలో జరిగినవిగ చెప్పబడు ఈ రెండు గాథలను ప్రక్కప్రక్కన ఉంచి చదివినవానికి ఒక సత్యము స్ఫురించును. కన్నులు పోయినవాని నొప్పికి నామము లేదు, విభూతి లేదు. మధువరసు కొరకు దుఃఖించి కూరేశుని కొరకు దుఃఖింపలేని భక్తి అసంపూర్ణమైన భక్తి.

కల్యాణము నేర్పిన పాఠము

నేడు బసవకల్యాణముగ పిలువబడు ఆ నగరము బీదరు జిల్లాలో కలదు. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. పండ్రెండవ శతాబ్దిలో అచ్చట అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షతన చాకలి, మంగలి, మేదరి, చర్మకారుడు, రాజోద్యోగి ఒకే చాపపై కూర్చుండి ఆత్మవిచారము చేసిరి. హరళయ్య, మధువరసుల మరణముతో ఆ సభకు దుర్దినములు వచ్చినవి. ఇప్పుడు సిద్ధాంత శిఖామణిలోని మూడు మార్గములను స్మరింపవలెను.

జగదేవుడు మొదలగువారు మొదటి మార్గమును పట్టి బిజ్జలుని చంపిరని కావ్యములు చెప్పుచున్నవి. అందులకు బసవేశ్వరుని ఆనతి కలదని కొందరును, లేదని కొందరును చెప్పుదురు. ఆ వాదము ఎట్లున్నను బసవేశ్వరుడు స్వయముగ చేసిన పనిని వీరశైవ పరంపర ఇట్లు చెప్పుచున్నది. ఆయన మంత్రిపదవిని విడిచెను, కల్యాణమును విడిచెను, కూడలసంగమమునకు పోయెను. కోశాగారము చేతిలో నున్నవాడు, వేలకొలది శరణుల మనస్సు చూరగొన్నవాడు, కత్తి పట్టుమని ఒక్కమాట చెప్పినచో పట్టువారు కొల్లలుగ నున్నవాడు, మూడవ మార్గమును ఎన్నుకొనెను. శిఖామణి ఆ మార్గమును అశక్తునికి చెప్పినది. శక్తి కలిగియు దానిని ఎన్నుకొనుటలో బసవేశ్వరుని వీరత్వమున్నది.

రెండు మార్గముల ఫలితములను చరిత్ర చూపినది. కత్తి బిజ్జలుని చంపగలిగినది కాని హరళయ్యను బ్రతికింపలేదు, కులభేదమును చంపలేదు. రాజహత్యానంతరము సేనలు శరణులను తరిమినవనియు, అనుభవ మంటపము మూగవోయినదనియు పరంపర చెప్పును. చెన్నబసవేశ్వరుడు ఉళివికి పోయెను. అల్లమప్రభువు, అక్కమహాదేవి శ్రీశైల కదళీవనమున లీనమైరి. అయినను శరణులు మూటకట్టి మోసికొనిపోయిన వచనముల కట్టలు నిలిచినవి. ఎనిమిది వందల సంవత్సరములకు పైగా గడచినను వీరశైవ సమాజమును బ్రతికించుచున్నవి ఆ తాటియాకులు. జగదేవుని కత్తి ఎచ్చటనున్నదో ఎవరికిని తెలియదు.

మన యింటి దోషము

ఇతరుల మతావేశమును విమర్శించుటకు ముందు మన యింటి దీపముక్రింది చీకటిని చూడవలెను. అబ్బలూరులో ఏకాంతద రామయ్య జైనులతో పందెము వైచి, తన శిరస్సును ఖండించుకొని శివానుగ్రహమున మరల పొందెనని, జైనులు మాట తప్పగా జినమూర్తిని పడగొట్టెనని అచ్చటి శాసనమే చెప్పుచున్నది. సోమనాథుడును ఈ కథను భక్తితో పాడెను. భక్తుని సాహసమును చూచి మనము పులకింతుము. పడగొట్టబడిన మూర్తి ముందు నిన్నటివరకు దీపము పెట్టిన ముసలమ్మను ఎవరును తలంపరు.

శ్రీశైల మల్లికార్జునాలయమున 1512వ సంవత్సరపు శాసనమొకటి కలదు. శాంతుని కుమారుడగు లింగడను వీరశైవ నాయకుడు ఆలయమునకు చేసిన దానములను అది వర్ణించుచున్నది. ఆ పుణ్యకార్యముల వరుసలోనే శ్వేతాంబర జైనుల తలలు నరికించుటయు చెప్పబడినది. అల్లమప్రభువు చేరిన కొండ అదియే. అక్కమహాదేవి సర్వమును త్యజించి చేరిన కొండ అదియే. అదే కొండమీది రాతిపై నరహత్య కైంకర్యముగ చెక్కబడినది. ఒకే గణాచార శబ్దమును ఒకరు అహంకార సంహారముగ గ్రహించిరి. వేరొకరు అన్యమత సంహారముగ గ్రహించిరి.

మన కాలమునను ఈ దోషము పోలేదు. వచన సాహిత్య పరిశోధనకు జీవితమును ధారపోసిన ఆచార్య ఎం. ఎం. కల్బుర్గి, 1989లో తన గ్రంథములోని కొన్ని వ్రాతలను లింగాయత సమాజములోని వారి ఒత్తిడికి తలయొగ్గి ఉపసంహరించుకొనవలసి వచ్చినది. 2015 ఆగస్టు 30వ తేదీన ధార్వాడలో, తన యింటివద్దనే ఆయన కాల్చి చంపబడెను. మాట ఉపసంహరింపజేయుటకును ప్రాణము తీయుటకును మధ్య మిక్కిలి దూరము కలదు. అయినను ఆ దారి మొదటి మెట్టు వాదమునకు బదులు బెదరింపును వాడుటయే. అనుభవ మంటపమున ప్రశ్న అడిగినవానిని బయటికి పంపలేదు. అల్లమప్రభువు వచ్చిన ప్రతివారిని ప్రశ్నించెను, తానును ప్రశ్నింపబడెను.

దోషమునకు ప్రక్కనే ఔషధమును కలదు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని కొలనుపాక, సోమేశ్వర లింగమునుండి రేణుకాచార్యులు ఉద్భవించిన క్షేత్రమని వీరశైవుల విశ్వాసము. అదే ఊరిలో జైనులకు పూజ్యమైన ప్రాచీన తీర్థము కలదు. సోమేశ్వరునికి మ్రొక్కు వీరశైవుడును, మాణిక్యదేవునికి మ్రొక్కు జైనుడును నేడు ఒకే ఊరి వీథులలో నడచుచున్నారు. అబ్బలూరు మన చరిత్రయైనచో కొలనుపాకయు మన చరిత్రయే. దేనిని ముందుకు కొనిపోవలెనో నిర్ణయించుకొనవలసినది నేటి తరము.

వీరశబ్దార్థము

వీరశైవమునందలి వీర శబ్దమును చూచి కత్తిని తలంచువారు కలరు. సిద్ధాంత శిఖామణి ఆ శబ్దమునకు వేరొక అర్థము చెప్పినది. ‘వి’ అను అక్షరము శివజీవుల ఐక్యమును తెలుపు విద్యను సూచించుననియు, ఆ విద్యయందు రమించువాడు వీరశైవుడనియు దాని తాత్పర్యము. శివునికిని జీవునికిని భేదము లేదని తెలిసినవాడు ఎదుటి జీవునిపై కత్తి యెత్తినచో ఎవరిపై ఎత్తినట్లు?

ఇష్టలింగధారణము ఈ విషయమును మరింత స్పష్టముగ బోధించుచున్నది. వీరశైవుని దైవము అతని వక్షఃస్థలముపై నుండును. నిద్రలో, ప్రయాణములో, రోగములో అతనిని విడువదు. మరణానంతరము సమాధిలోనికి కూడ వచ్చును. దొంగ తాళము పగులగొట్టునను భయము లేదు, పరసైన్యము కూలద్రోయునను భయము లేదు. దైవము భక్తుని కాపాడుచుండగా, భక్తుడు దైవమును కాపాడుచున్నానని లాఠీ పట్టి బయలుదేరుట ఇష్టలింగతత్త్వమును మరచుటయే యగును. ఆలయమును, మూర్తిని ధ్వంసము చేయుట నేరమే. దానికి శిక్ష పడవలసినదే. భారత న్యాయసంహిత 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. మతవర్గముల మధ్య వైరము రేపుట దాని 196వ సెక్షను క్రిందను, మతభావములను బుద్ధిపూర్వకముగ అవమానించుట 299వ సెక్షను క్రిందను నేరములు. దండనాధికారము ధర్మాసనమునది. వీథిలో గుమిగూడినవారికి ఆ అధికారమును ఏ ఆచార్యుడును ఇయ్యలేదు.

మరి గణాచారమునకు నేడు అర్థమేమి? దానిని భృత్యాచారముతో కలిపి చదువవలెను. అందరికిని సేవకుడనని ముందుగ అంగీకరించినవానికే సమూహము కొరకు ఎదురు నిలుచు అర్హత కలుగును. సేవకుడు తాను నమ్మిన దానికొరకు దెబ్బ తినును, ఇతరులను కొట్టడు. బలహీనునిపై దౌర్జన్యము జరిగినపుడు మౌనము వహింపకుండుట గణాచారము. తమ్ముడు తప్పుడు దారి పట్టినపుడు మావాడేగదాయని కప్పిపుచ్చకుండుట గణాచారము. అసత్య ప్రచారమును సత్యముచే ఎదుర్కొనుట గణాచారము. దొంగతనము, హత్య, అసత్యము, కోపము, పరులపట్ల ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద – ఈ ఏడింటిని విడుచుటయే అంతరంగ బహిరంగ శుద్ధియని బసవేశ్వరుడు బోధించెను. మతావేశము ఈ ఏడింటిలో కనీసము అయిదింటిని ఒక్క దినముననే చేయించును. ధర్మమునకు వేరు దయయని ఆయన చెప్పిన పిదప, వేరు నరికి కొమ్మలను కాపాడువానిని తోటమాలి యనరాదు.

అన్ని మతముల ఉమ్మడి సొత్తు

ఈ బోధ వీరశైవులకు మాత్రమే లభించినది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. తన మతమును మిక్కిలిగ పొగడి పరమతమును నిందించువాడు తన మతమునకే హాని చేయుచున్నాడని ఆ చక్రవర్తి పండ్రెండవ శాసనమున హెచ్చరించెను. ఆ మాటకు రెండువేల రెండువందల సంవత్సరములు దాటినవి. ఖురాను రెండవ అధ్యాయము మతవిషయమున బలాత్కారము తగదని చెప్పుచున్నది. అయిదవ అధ్యాయము నిరపరాధియగు ఒక్క మనుష్యుని చంపుటను మానవజాతినంతటిని చంపుటతో సమానముగ ఎంచుచున్నది. ఏసుక్రీస్తు కొండమీది ప్రసంగములో శత్రువునుసైతము ప్రేమింపుమనెను. జైనులు సంవత్సరమునకొకమారు పర్యూషణ సమయమున పరిచితులందరిని క్షమాపణ వేడుదురు. మనము ఎవరి మూర్తులను పడగొట్టితిమని గర్వించితిమో వారినుండియే ఈ క్షమాధర్మమును నేర్వవలసి యున్నది.

సిక్కుల తొమ్మిదవ గురువగు తేగ్ బహదూరు 1675లో ఢిల్లీలో శిరస్సు నర్పించెను. కాశ్మీరపు పండితుల మతస్వాతంత్ర్యము కొరకు ఆయన నిలిచెనని సిక్కు సంప్రదాయము. వారు ఆయన శిష్యులు కారు. వారు ధరించు జందెమును సిక్కులు ధరింపరు. తన గణము కానివారి కొరకు ప్రాణమిచ్చిన ఇట్టి గణాచారమునకు ఏ మతస్థుడైనను తల వంచవలసినదే.

అన్ని మతములు ఒక్కటేయని చెప్పుట ఇచ్చటి ఉద్దేశము కాదు. ఇష్టలింగోపాసకునికి, నమాజు చేయువానికి, శిలువను ధ్యానించువానికి సిద్ధాంతమున భేదము కలదు. ఆ భేదమును చెరిపివేయ నవసరము లేదు. నిష్ఠ తన విషయమున కఠినముగ నుండవలెను, పరుల విషయమున దయగ నుండవలెను. మతావేశము ఈ రెండింటిని తారుమారు చేయును. అది తన లోపములపట్ల దయ చూపి, పరుల నమ్మకములపట్ల కాఠిన్యము వహించును. ఏ మతమువాడైనను ఈ గీటురాయిపై తన భక్తిని తానే గీసి చూచుకొనవచ్చును.

కుటుంబములకు, మఠములకు

భారతదేశపు ఆరు నగరములను పరిశీలించి అశుతోష్ వార్ష్ణే అను పండితుడు 2002లో ఒక గ్రంథము ప్రకటించెను. అందులో హైదరాబాదును లక్నోతో పోల్చి చూచెను. లక్నోలో చికన్ కుట్టుపని చేయు ముస్లిములకును, ఆ సరకు నమ్ము హిందూ వర్తకులకును నిత్యము ఒకరితో ఒకరికి పని. ఒకరు లేనిదే మరియొకరికి అన్నము లేదు. వ్యాపార సంఘములు, వృత్తి సంఘములు మొదలగువానిలో హిందూ ముస్లిములు కలసి పనిచేయు ఊళ్ళలో వదంతి పుట్టినను కలహముగ మారుట అరుదనియు, అట్టి బంధములు సడలిన ఊళ్ళలో నిప్పురవ్వయే దావానలమగుననియు ఆయన నిర్ణయించెను. శరణులు కాయకమునకిచ్చిన స్థానమును ఎరిగినవారికి ఇది వింత కాదు. కలసి చేయు పని మనుష్యులను కలుపును. కలసి తిను దాసోహము వారిని నిలుపును. తుముకూరు సిద్ధగంగా మఠాధిపతులు, 2019లో నూటపదకొండవయేట లింగైక్యులైన శ్రీ శివకుమారస్వాములు, కులమత విచక్షణ లేక వేలాది బాలురకు అన్నము, విద్య నొసగిరి. ఆ పంక్తిలో కూర్చుండి తిన్న బాలుడు పెద్దవాడై ఆ పంక్తిలోని వేరొక బాలునిపై రాయి విసరుట కష్టము.

కావున ఆచరణమున కొన్ని నియమములు అవసరము. బసవ జయంతి నాడు మఠములు జరుపు దాసోహమునకు ఇరుగు పొరుగు మతస్థులను పేరు పెట్టి పిలువవలెను. ఊరేగింపు ఇతరుల ప్రార్థనాస్థలము ముందునుండి పోవునపుడు వాద్యములు ఆపుట అవమానము కాదు, అది భృత్యాచారము. చేతి ఫోనులో వచ్చిన ఉద్రేకపు వార్తను ఒక రాత్రి ఆపి, ఉదయమున విచారించి, నిజమని తెలిసినను పంపుట అవసరమా యని మరల ఆలోచింపవలెను. ఎచ్చటనైన ఆలయమునకో, మసీదునకో అపచారము జరిగినచో ముందుగ పోలీసులకు తెలుపవలెను; వెంటనే ఆ రెండు మతముల పెద్దలు ఒకేచోట నిలిచి జనులకు కనబడవలెను. సేనలో చేరుమని ఎవరైన యువకులను పిలిచినచో, చిలుకూరు అర్చకునివలె కాదని చెప్పు ధైర్యమును తలిదండ్రులు వారికి చిన్ననాటనే నేర్పవలెను. అన్నింటికంటె ముఖ్యముగ మన చరిత్రలోని కల్యాణ గాథతో పాటు శ్రీశైల శాసనమును కూడ పిల్లలకు చెప్పవలెను. తన పెద్దల తప్పును తెలిసినవాడు దానిని మరల చేయుటకు జంకును.

హైదరాబాదు ట్యాంకుబండుపై బసవేశ్వరుని విగ్రహము కలదు. జయంతి నాడు దానికి పూలమాల వేయుట సులభము. కోపమువచ్చిన నాడు, చేతిలో రాయి యున్న నాడు, వెనుక పదిమంది కేకలు వేయుచున్న నాడు, అధికారమును విడిచి కూడలసంగమమునకు నడచిన ఆ పాదములను స్మరించుట కష్టము. ఆ కష్టమైన పనియే గణాచారము.

అభ్యాస ప్రశ్నలు

ఒకటి: సిద్ధాంత శిఖామణిలో చెప్పబడిన మూడు మార్గములేవి? బసవేశ్వరుడు స్వయముగ ఆచరించినదేది? శక్తిమంతుడు ఆ మార్గమును ఎన్నుకొనుటలోని విశేషమేమి?

రెండు: కూరేశుని గాథను, హరళయ్య మధువరసుల గాథను పోల్చి చెప్పుము.

మూడు: భృత్యాచారము లేని గణాచారమువలన కలుగు కీడేమి? మీ ఊరిలో జరిగిన ఏదైన ఒక సంఘటనను ఈ దృష్టితో పరిశీలింపుము.

నాలుగు: నీ వీథిలోని అన్యమత కుటుంబముతో నీకు గల కాయక సంబంధమేది? దాసోహ సంబంధమేది? లేనిచో దానిని ఎట్లు ఏర్పరచుకొందువు?

శరణు శరణార్థి.